లేవని గీత

నేపర్‌విల్ తెలుగు చర్చిలో ప్రేమవిందు ముగిసింది. షుగర్ ఉన్న ఏసుపాదం, భార్య ఎంత కళ్ళెర్రజేసినా ఆగకుండా, కాజాలూ పాయసమూ తిన్నాడు. కారెక్కాక ఆమెకు ఫోన్ చూపించాడు.

“గంట దాటింది విమలా. చేతికి అంటించిన సెన్సర్ చూపే షుగర్ గీత చూడు, లేవనే లేదు. పాస్టర్‌గారైతే దేవుని కృప అన్నారు.”

విమలకుమారి స్టీరింగ్ మీద తల ఆన్చింది. పేగు వాచినప్పుడు రోగనిరోధక కణాలు వదిలే సంకేతాలు తిన్న చక్కెరను పేగులోంచి రక్తంలోకి సరిగా పోనివ్వవు. ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో ఆమె చూస్తున్నది అదే. అంటే, మందులకు అణిగిందనుకున్న ఆయన పేగుజబ్బు తిరగబెట్టిందన్నమాట. మళ్ళీ పేగులోకి ఆ కెమెరా స్కోపులు, ఆ ఇంజెక్షన్లు. ఈ పూటకి ఆ మాట చెప్పే ఓపిక ఆమెకు లేదు.

“మంచిదేగా,” అంది.

“మంచిదా? నీ ప్రెజెంటేషన్లన్నీ ముందు నా దగ్గరేగా ప్రాక్టీస్ చేస్తావు.” ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. “కడుపులో మళ్ళీ నొప్పి మొదలైంది విమలా. నీకు చెప్పేముందు ఆ పాత జబ్బో కాదో తేల్చుకుందామని తిన్నాను. నోటికి తీపే తెలియలేదు.”