గోడమ్మ కట్టిన లెక్క

హైమ పక్కింటి పిల్లిని ముద్దు చేసినా ఆమె మొగుడు పార్థుకు కడుపుమంటే. అలాంటివాడు డ్రోన్ల వ్యాపారంలో నిండా మునిగి, ఒకరోజు వంటింట్లో నిలబడి ఐపీ పెట్టాడు. ఇప్పుడు బెజవాడలో ఐపీ పెట్టడానికి కోర్టు మెట్లెక్కే పనిలేదు. ప్రతి ఇంటి గోడలోనూ కోర్టువారి గొంతు ఒకటి ఉంది. దాన్ని అందరూ గోడమ్మ అంటారు.

“మీ ఆవిడ జీతం కూడా ఇంటి రాబడేనండీ. అది కలిపితే మీకు దివాలా అర్హత లేదు,” అంది గోడమ్మ. “ఆవిడ ఈ ఇంటికి వాడకుండా బయట ఇంకెవరికైనా ఇస్తున్నది ఉంటే, అది తీసేస్తాను. ఎవరికన్నది మాత్రం చెప్పను. తీసి చూడమంటారా?”

గోరుచిక్కుళ్లు తుంచుతున్న హైమ చెయ్యి ఆగింది. “ఎందుకండీ ఇదంతా? మీ బాకీలు నేనే తీరుస్తాగా!”

ఆ ‘ఎందుకండీ’ పార్థు గుండెల్లో ముల్లులా దిగింది.

“తీసి చూడు గోడమ్మా. నా పెళ్లాం చేతి పైసా ఈ గడప దాటదు,” అన్నాడు హైమనే చూస్తూ.

గోడమ్మ లెక్క కట్టింది.

“అభినందనలండీ. మీకు అర్హత వచ్చింది. ఈ పూటతో మీ బాకీలన్నీ రద్దు.”

హైమ తల ఎత్తలేదు. పార్థు గోడకు చెయ్యి ఆనించి, “ఇంకోసారి చూడమ్మా,” అని బతిమాలాడు. “ఎక్కడో తప్పు పడుంటుంది.”