ఎముకల వయసు

పుట్టినతేదీలు రద్దయ్యాక ఎముకలు చెప్పిందే వయసు. అయినా దీవెనమ్మ వాళ్లమ్మ చెప్పిన లెక్కనే నమ్ముకుంది. అరవై నిండిన మర్నాడే ఆరోగ్య బీమా కార్డు కోసం ఆఫీసుకు పరుగెత్తి, వరసలో నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చివరికి ముప్పై ఏళ్లుగా గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీసిన చేతిని ఎముకల వయసు చూసే యంత్రంలో పెట్టింది.

"నీకు అరవై నిండి పన్నెండేళ్లయిందమ్మా," అన్నాడు గుమస్తా. "నిండిన ఆర్నెల్లలోపే పేరు రాయించుకోవాలి. గడువు దాటిపోయింది."

"ఎప్పుడు నిండిందంటయ్యా?"

"ఆ ఏడు ఏప్రిల్లో."

దీవెనమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఆ ఎండల్లోనేగా నడుం పట్టేసిందని నేను సెలవడిగింది! 'గుండ్రాయల్లే ఉన్నావు, నీకేం రోగమే' అని మేస్త్రీ మళ్లీ పన్లోకి తోలాడయ్యా!"