నోట రాని పాస్‌వర్డ్

“నా ఫైలుకి తాళం ఎందుకు వేశారండీ?”

దేముడుబాబు బూటు లేసు బిగించుకుంటూ నవ్వాడు. “తాళం కాదోయ్, ఎన్‌క్రిప్షన్. నీకు చెప్పినా అర్థం కాదు.”

సత్యవేణికి అర్థమైంది. రెండు వారాలుగా మొగుడి అవస్థ చూస్తూనే ఉంది. నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం గుమాస్తాల పనట. ఆయన హోదాకి బొమ్మలు, బటన్లు ఉండాలి. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలన్నీ గాలించాడు. ఒక సాఫ్ట్‌వేర్ ఫైళ్లని కుదించింది గాని తాళం వెయ్యలేదు. ఇంకొకటి తాళం వేసింది గాని కుదించలేదు. చివరికి రెండూ చేసేది దొరికింది. దాని గుర్తు చాపలా చుట్టిన కాగితాల బొమ్మ, ఆ బొమ్మ మీద బంగారు రంగు తాళం. ఇంతా చేసి అందులో దాచిన సంపద, కాలనీ సంఘం అధ్యక్షుడిగా ఆయన రాసుకున్న ప్రసంగాలు. వాటిని ఎత్తుకుపోయే దౌర్భాగ్యుడెవడో ఆమెకి తోచలేదు. వాటితో పాటు ఆమె ఫైలునీ కలిపి చుట్టేశాడు.

“అందులో నా బయోడేటా, స్కాన్ చేయించిన సర్టిఫికెట్లు ఉన్నాయి. ఉద్యోగానికి అయిదింటిలోగా ఆ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీకి మెయిల్ చెయ్యాలి. దాటితే తీసుకోరు.”

“ఎవరో డాక్టర్లు గొణిగింది విని టైపు చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా?”

“పోనీ, అసలు సర్టిఫికెట్లున్న బీరువా తాళమివ్వండి. మళ్లీ స్కాన్ చేయించుకుంటాను.”

ఆయన జేబు తడుముకుని, తాళం చెవి అక్కడే ఉన్నందుకు తృప్తిపడ్డాడు. “పాస్‌వర్డ్ పెద్ద కష్టమేం కాదోయ్. కానీ ఆ మాట నీ నోట్లోంచి చచ్చినా రాదు. మా అమ్మ రానివ్వదు.”

తన తెలివికి తనే ముచ్చటపడుతూ స్కూటర్ ఎక్కాడు. ఆ చప్పుడు మెట్టుగూడ సందు మలుపు దాకా వినిపించింది.

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారు అమ్మన్నమ్మ తలెత్తింది. “నానేటి రానివ్వనమ్మా?”

సత్యవేణి జవాబు చెప్పేలోగా గుమ్మంలోకి కొరియర్ మనిషి వచ్చాడు. ఇంకో పత్రిక, ఇంకో సీడీ.

“సార్ పేరేందమ్మా? జెర చెప్పుండ్రి, రాస్కుంట.”

సత్యవేణి అలవాటుగా తలుపు పక్కనున్న నేమ్‌ప్లేటు వైపు వేలు చూపించింది. మొగుడి పేరు నోటితో అంటే ఆయుష్షు తరుగుతుందని అత్తగారు పెళ్లినాడే పెట్టిన ఆంక్ష.

“నోటితోని చెప్తే ఏం పోతదమ్మా,” అని గొణుక్కుంటూ అతను రాసుకుని వెళ్లిపోయాడు.

ఆమె వేలు మాత్రం ఆ ఇంగ్లీషు అక్షరాల మీదే కాసేపు ఆగిపోయింది.

సాయంత్రం దేముడుబాబు ఇల్లు చేరేసరికి కాఫీ సిద్ధంగా ఉంది.

“మెయిల్ పంపేశానండీ. అందిందని జవాబు కూడా వచ్చింది.”

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. “అమ్మా, ఇది నా పేరు అందా?”

“ఒట్టురా బాబూ, నోరిప్పనేదు. ఏళ్లతో టకటకా కొట్టుకుంది. ఏళ్లకి నానేం అడ్డు చెప్పనేదు కదరా.”

దేముడుబాబు కంప్యూటర్ ముందుకి పరిగెత్తాడు. ఆమె ఫైలు విడిగా పెట్టి ఉంది. ఆయన ప్రసంగాల మీద బంగారు తాళం అలాగే మెరుస్తోంది. తన పేరు కొట్టాడు. తప్పంది. పెద్ద అక్షరాలతో కొట్టాడు. మళ్లీ తప్పంది. తెల్లారితే సంఘం సభ.

“ఏమోయ్, మార్చేశావా?”

“భద్రం కోసమండీ. పెద్ద కష్టమేం కాదు. కానీ ఆ మాట మీ నోట్లోంచి చచ్చినా రాదు.”

“ఏమిటోయ్ ఆ మాట?”

“నా పేరండీ. ‘ఏమోయ్’ అని కొట్టకండి, తెరుచుకోదు.”