మెట్ల మీది కంపు

“ఇవాళ సాయంత్రానికల్లా ఇల్లు ఖాళీ చెయ్. నీతో ఇంక నా వల్ల కాదు.”

తలుపు మీద అరచేత్తో బాదుతూనే అన్నాడు ఇంటాయన. పై వాటాలో అద్దెకున్న అమ్మాయి తలుపు సగమే తెరిచింది. ఆయన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

పరిశోధనశాలలో ఉద్యోగమంటే గొప్పదే అనుకుని వాటా ఇచ్చాడు. నెల తిరక్కుండానే మెట్ల నిండా కుళ్ళిన ఉల్లిపాయల కంపు. ఆమె ఒంటి నుంచి, బట్టల నుంచి. నిలదీస్తే పాఠం మొదలెట్టింది.

“బంగారు పూత పూసిన పలకల్ని ఓ ద్రావణంలో నానబెడతామండీ. అందులోని అణువులకి ఒక కొసన గంధకం ఉంటుంది. అది బంగారాన్ని గట్టిగా పట్టుకుంటుంది. మొదట్లో ఎటు పడితే అటు ఒరిగిపోతాయి. తర్వాత వాటంతటవే సర్దుకుని, పక్కపక్కనే నిలబడి సన్నటి పొరగా తయారవుతాయి. ఆ గంధకం వల్లే ఈ వాసన.”

“ఎవరూ చెప్పకుండానే సర్దుకుంటాయా?”

“అవునండీ.”

“వాటికున్న జ్ఞానం నీకు లేకపోయిందే! నువ్వూ సర్దుకో, పెట్టే బేడా.”

ఆ రోజు భార్య అడ్డుపడబట్టి ఊరుకున్నాడు. కానీ కసి తీరలేదు. డాబా మీద ఆమె ఆరేసిన బట్టలు తెచ్చి గుమ్మంలో పడేసేవాడు. ఎదురుపడితే మొహం తిప్పుకుని ఉమ్మేసేవాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు కంపు తగ్గింది. తన దెబ్బకి దారికొచ్చిందని మురిసిపోయాడు.

ఈమధ్య మళ్ళీ మొదలైంది. ఇవాళ మరీ ఘోరం.

“నాకేం వాసన తెలీడం లేదు సార్,” అంది అమ్మాయి నెమ్మదిగా.

“నీకెందుకు తెలుస్తుంది? అందులోనే బతికి నీ ముక్కు చచ్చిపోయింది.”

“నిజమేనండీ. మా పనిలో ముక్కు మొద్దుబారిపోతుంది.”

“మరి మా ముక్కులేం పాపం చేశాయి? పొద్దున్నే సంచీ తగిలించుకుని పోవడం, సాయంత్రానికి ఆ దరిద్రమంతా మోసుకురావడం! ఉద్యోగం లేనివాళ్ళకి ఇల్లివ్వనని పట్టుబట్టాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. ఏ పనీ లేనివాళ్ళే నయం.”

ఆమె తల వంచుకుంది.

అది చూసి ఆయనకి ఇంకా పూనకం వచ్చింది. “నీ కంపు లోపలికి రాకుండా కిటికీలన్నీ బిగించుకుని కూర్చున్నాం, తెలుసా? అయినా వదల్లేదు. మా వంటింట్లోకి కూడా దూరింది. అసలక్కడే ఎక్కువ కొడుతోంది. మా ఆవిడ తలనొప్పితో పొద్దున్నించీ మంచం దిగలేదు.”

“వంటింట్లోనా?” ఆమె చప్పున తలెత్తింది.

“ఆహా, ఏమీ తెలీనట్టు ఎంత చక్కగా అడుగుతోందో!”

అంతలో కింద నుంచి ఆయన భార్య కేక వినిపించింది. “ఏవండీ, ఆ గొడవ చాలించి కిందికి రండి. టీ పెడుతున్నాను.”

అమ్మాయి ఆయన్ని తోసుకుని మెట్ల మీదికి దూకింది. ఆయన ఆమె చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు. “ఎక్కడికి? మళ్ళీ మా ఆవిడ కాళ్ళ మీద పడదామనా?”

“సార్, మా ల్యాబ్ మూతపడి నెల దాటింది, ఆంటీని గ్యాస్ స్టవ్ వెలిగించొద్దనండి!”