అడగని పేరు

పగిలిన ఫోన్‌ని చేతిరుమాలులో చుట్టి తెచ్చాడు ఆ పెద్దాయన.

"చేయి జారింది. అద్దం మార్చండి. లోపల మాత్రం ఏదీ చెరపకండి బాబూ."

మెకానిక్ చీటీల పుస్తకం తీశాడు. "మీ నంబరు?"

"ఇందులో సిమ్ లేదు. నేనే వచ్చి తీసుకుంటాను."

"పోనీ, పేరు?"

"ఏదో ఒకటి రాసుకోండి."

'పగిలిన అద్దం' అని రాసుకున్నాడు మెకానిక్.

"ఇందులో మెసేజీల యాప్ ఒకటి ఉంది. నంబరు అడగదు, సొంత పేరూ అడగదు. అది జాగ్రత్త."

"ఈ వయసులో అంత గుట్టేమిటండీ?"

"గుట్టు నాది కాదు, అవతలివాళ్లది." పెద్దాయన నవ్వాడు. "రేపు పదింటికల్లా ఇచ్చేయండి. పలకాలి."

దుకాణం వెనకే ఇల్లు. మధ్యాహ్నం చెల్లెలు తలుపు దాకా వచ్చింది.

"అన్నయ్యా, భోజనానికి రా. చల్లారిపోతే మళ్లీ నన్నే అంటావు."

పసిబిడ్డ పోయాక ఏడాదిపాటు గది దాటని మనిషి. ఈ రెండు నెలలుగా తల దువ్వుకుంటోంది. అన్నను విసుక్కుంటోంది కూడా.

ఆసుపత్రిలో చూపించిన కొత్త డాక్టరు హస్తవాసి మంచిది అనుకున్నాడతను.

మర్నాడు పొద్దున అద్దం మార్చాక ఫోన్ మొరాయించింది. మొత్తం చెరిపేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. వందల ఫోన్లకు చేసిన పనే. వాటిలో నంబరు కొడితే అన్నీ తిరిగొచ్చేవి.

పది కాకముందే పెద్దాయన వచ్చాడు. యాప్ తెరిచాడు. కొత్త పేరు పెట్టుకోమంది.

"పాతవి రావా?"

"నంబరు కొట్టండి, వస్తాయి."

"దీనికి నంబరుండదని చెప్పాను కదా బాబూ."

మెకానిక్ అటూ ఇటూ నొక్కి చూశాడు. "పోనీ, వాళ్లే మీకు పంపుతారు లెండి."

"పంపుతారు. నాకు చేరదు. నేను పలకలేదనుకుంటారు."

"ఎవరు వాళ్లు?"

"తెలీదు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఒక కాగితం అంటించాను, మాట్లాడాలనిపిస్తే మాట్లాడండని. ఎవరని నేను అడగలేదు. అడగలేదు కాబట్టే మాట్లాడారు."

"మళ్లీ అంటించండి."

"అక్కడికి మళ్లీ రావాలని ఎవరికుంటుంది?"

గోడ గడియారం పది చూపించింది. పెద్దాయన దానికేసి చూస్తూ నిలబడ్డాడు.

"రోజూ ఈ వేళకి, ఉన్నారా అని అడుగుతారు. ఉన్నాను అంటాను. అందులో నా పేరు కూడా అదే."

ఆయన నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది మెకానిక్‌కి. తొందరలో చెరిపాడా, ఆ గుట్టంటే ఉన్న చులకనతో చెరిపాడా, తనకే తేలలేదు.

పెద్దాయన ఫోన్‌ని బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాడు. ఏ వైపు వెళ్లాడో మెకానిక్ చూడలేదు.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఎవరూ పిలవలేదు.

రెండు దాటాక లోపలికి వెళ్లాడు. పొయ్యి వెలగలేదు. చెల్లెలు మంచం మీద ఉంది. జుట్టు సగం దువ్వి, దువ్వెన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"నేనే మరీ విసిగించానేమో అన్నయ్యా."

"ఎవర్ని?"

ఆమె చేతిలోని ఫోన్‌లోకి తొంగిచూశాడు.

'ఉన్నాను' అన్న పేరు కింద, పదింటి నుంచి ఒకే మాట వరసగా ఉంది: "ఉన్నారా?"