ఐదో మలుపు

ఇంట్లో మూడు ఫ్లాస్కులుండగా నాలుగోది ఎందుకు కొన్నారని ఆమె అడగడం అది రెండోసారి. మొదటిసారి భర్త వినిపించుకోలేదు. ఈసారి విని, ఉన్నవి చిన్నవన్నాడు. చిన్నవైతే మోయడం తేలిక కదా అంది. మోసేవాణ్ణి నేను కదా అన్నాడు.

"గంటకోసారి కంపెనీవాళ్లే నీళ్లు తెచ్చిస్తున్నారన్నారుగా. మరి ఇదెందుకు?"

ఆమె పై అరలోని మూడు ఫ్లాస్కులూ దించి, కడిగి, మూతలు సరిచూసి, అతని ఎదురుగా వరసగా బోర్లించింది. ఇల్లు నీళ్ల దుకాణంలా ఉందని కూతురు నవ్వుకుంటూ కాలేజీకి వెళ్లిపోయింది.

నిజానికి ఆమె కోపం ఫ్లాస్కు మీద కాదు. ఈమధ్య ఇంట్లోకి వచ్చిపడుతున్న మర్యాదల మీద.

అతను మోటార్‌సైకిల్ మెకానిక్. షెడ్డు మూతపడి ఏడాదిన్నర అయింది. ఒక బండ్ల కంపెనీ నెలకో ఆదివారం తన బండ్లు కొన్నవాళ్లని రేసు ట్రాక్ మీద తోలుకోనిస్తుంది. ఆ రోజు ఐదో మలుపు దగ్గర నిలబడి జెండాలు చూపించడం అతని పని. జీతం లేదు. వాలంటీర్ అని గౌరవంగా పిలుస్తారు. మూడేళ్లలో కంపెనీ అతనికిచ్చింది ఒక టోపీ. మలుపుకి ఒక్కడే మనిషి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడాలి, నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, బండ్లవాళ్లు తిన్నాక మిగిలిన పొట్లం తినాలి. బండ్లంటే ప్రాణం కాబట్టి అతను ఏనాడూ నోరెత్తలేదు.

అలాంటిది రెండు నెలలుగా గొడుగొచ్చింది, మడత కుర్చీ వచ్చింది, తోలు గ్లౌజులు వచ్చాయి. మొన్న ఆదివారం అతన్ని కారులో తెచ్చి గుమ్మం ముందు దింపారు.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్లు అడక్కుండానే పెడుతున్నారేంటండీ?"

"సీనియర్‌ని కదా" అన్నాడు ఆమెవైపు చూడకుండా.

రెండు నెలల కిందట ఏం జరిగిందో ఆమెకి తెలుసు. ఐదో మలుపులో నూనె మీద జారి ఒక స్కూలు డ్రిల్లు మాస్టారు పడిపోయాడు. కాలు రెండుచోట్ల విరిగింది. అతను తోలిన బండి కంపెనీ కొత్తగా దించిన మోడల్. పడ్డది తప్ప మాస్టారికి ఇంకేమీ గుర్తులేదట. గట్టు అడ్డంగా ఉండటంతో ఆ మలుపు వేరే ఎవరికీ కనపడదు.

పని వెతుక్కోవడానికని బయల్దేరే భర్త ప్రతి గురువారం పళ్లు పట్టుకుని ఆస్పత్రికి వెళ్తున్నాడని కూతురు చూసి చెప్పింది. అడిగితే, ఊరికే పలకరించడానికి అన్నాడు. ఊరికే పలకరించేవాడు ఇంట్లో దాచడమెందుకు? మాస్టారిని మెత్తబరచడానికి కంపెనీయే పంపిస్తోందేమోనని ఆమెకి అనుమానం పట్టుకుంది.

శనివారం కంపెనీ ఆఫీసరు ఇంటికే వచ్చాడు. చిన్న సంతకం మేడమ్, మామూలు పద్ధతే అంటూ ఫైలు తెరిచాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చదివింది. నూనె పడిందని తెలిపే చారల జెండాని వాలంటీర్ సకాలంలో చూపించాడనీ, బండి నడిపిన వ్యక్తే దాన్ని లెక్కచేయలేదనీ ఉంది. అంటే మాస్టారికి కంపెనీ నుంచి ఏ సాయమూ అందదు. దాని కింద మరో కాగితం. ట్రాక్ సూపర్‌వైజర్‌గా భర్తకి ఉద్యోగం. జీతం దగ్గర ఆమె చూపు రెండుసార్లు ఆగింది. కూతురికిది ఆఖరి ఏడాది.

"ఈ రెండూ ఒకే ఫైల్లో ఎందుకున్నాయి బాబూ?"

"సార్ అనుభవానికి గుర్తింపు మేడమ్."

"మూడేళ్లు ఎండలో నిలబడ్డప్పుడు గుర్తు రాలేదా?"

ఆఫీసరు టీ సగంలో వదిలేసి, రేపు పొద్దున వస్తానని చెప్పి లేచాడు.

అతను వెళ్లాక ఆమె భర్త ఎదురుగా కూర్చుంది. విజిల్ వేస్తే ఆగాలని పిల్లలకి నేర్పే మనిషి జెండా చూసి ఆగకుండా ఉంటాడా అంది. బ్రేకు పట్టి ఉండదు, కొత్త మోడల్ పరువు పోతుందని నేరం మాస్టారి మీదకి తోస్తున్నారంది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది వీళ్ల వ్యవహారం. మీరేమో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి భయమెందుకండీ?"

అతను లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

రాత్రి ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అతను అన్నం కలిపాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"రేపు సంతకం పెట్టను" అన్నాడు.

ఆమె అతని కంచంలో ఇంకో గరిటె కూర వేసింది.

"మరి ఉద్యోగం, నాన్నా?"

"రాదమ్మా. ట్రాక్‌కి కూడా ఇంక రానివ్వరు. జరిగింది నేనే కాగితం మీద రాసి మాస్టారికి ఇచ్చేస్తాను."

ఆమెకి గుండె మీంచి బరువు దిగినట్టయింది. తన అనుమానమే నిజమైందన్న తృప్తి కూడా కాస్త లేకపోలేదు.

"నే చెప్పలేదూ. బ్రేకే కదా?"

"బండిలో ఏ లోపమూ లేదు."

"మరి మాస్టారు జెండా చూసి కూడా ఎందుకు ఆగలేదు?"

అతను కొత్త ఫ్లాస్కు దగ్గరికి లాక్కుని గ్లాసులో నీళ్లు వంచుకున్నాడు. తాగలేదు. గ్లాసుకేసే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"జెండా అక్కడ పెట్టి నేను నీళ్లకి వెళ్లాను."