ఒక్క ఫైలూ పోలేదు సార్!

"నువ్వొచ్చినావేందమ్మా?" సర్వర్ గది గుమ్మంలో అడ్డంగా నిలబడిపోయాడు ప్రేమ్ సాగర్. ఆళ్లగడ్డలో ఆ డిగ్రీ కాలేజీకి ఆయనే కరస్పాండెంటు.

"ఇమామన్న పంపినాడు సార్" అంది కరుణ. ఆడపిల్ల కనబడితే చాలు, అందరికీ ఇదే అనుమానం అని లోపల పళ్లు నూరుకుంది. నంద్యాలలో తన షాపు కౌంటర్లో ఇన్నాళ్లూ ఆమె చేత మౌసులు, కీబోర్డులు అమ్మించిన ఇమామ్, మొదటిసారి బయటి పని అప్పగించాడు. ఇది చెడితే మళ్లీ ఆ మౌసుల దగ్గరికే.

"రేపు యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తాండారు. అటెండెన్సు, మార్కులు అన్నీ దీంట్లోనే ఉండాయి. ప్రాసెసర్లు మారిస్తే అంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించాల్సొస్తాది గదా?"

"అక్కర్లేదు సార్."

"పాతయన్నీ పోతాయన్నారే!"

"ఎద్దుల్ని మారిస్తే బండిలో బస్తాలు దించాల్నా సార్? ఈ బోర్డుకు సరిపడే ప్రాసెసర్లే తెచ్చినా. డిస్కు జోలికే పోను."

ప్రేమ్ సాగర్ ముఖంలో రంగు మారింది. "ఎంత జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి పోతాదిలేమ్మా. పోతే పోయిందనుకుంటాం. నిన్ను ఒక్క మాట అనను."

ఎంత మంచి మనిషి అనుకుంది కరుణ. అంత మంచితనానికి మచ్చ తేకూడదని పంతం పట్టింది.

ఆయన టీకి వెళ్లొచ్చేసరికి మెషిన్ ఆపి, మూత విప్పేసింది. పాత ప్రాసెసర్లు రెండూ తీసి, అట్టకట్టిన కూలింగ్ పేస్టు తుడిచి, కొత్తవి పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు కూర్చోబెట్టింది. ఆయన మాత్రం వెనకే తచ్చాడుతూ "చెయ్యి జారుతాదేమో", "కరెంటు పోతాదేమో" అని అపశకునాలు పలుకుతూనే ఉన్నాడు.

బటన్ నొక్కబోతూ "ప్రభువా" అనుకుంది కరుణ. ప్రేమ్ సాగర్ కూడా కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదాలు ఆమెకన్నా జోరుగా కదులుతున్నాయి.

ఫ్యాన్లు హోరెత్తాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

"పోయినట్టుందే!" అని ఒక్కసారిగా ముందుకు వంగాడు ప్రేమ్ సాగర్.

అప్పుడు వెలిగింది తెర. అదే పాత విండోస్, అవే ఫోల్డర్లు. పైగా ఇదివరకు నీలుగుతూ తెరుచుకునేవి కాస్తా ఇప్పుడు చిటికెలో తెరుచుకుంటున్నాయి.

"ఒక్క ఫైలూ పోలేదు సార్!" కరుణ సంతోషంతో అరిచింది. "మీరు టీకి పోయినప్పుడు బ్యాకప్పు గూడా తీసి పెట్టినా!"

ప్రేమ్ సాగర్ కుర్చీలో కూలబడ్డాడు. అక్కణ్ణుంచే ఇమామ్‌కు ఫోన్ కలిపాడు. మెచ్చుకోలు తన ఎదుటే వినబడబోతోందని కరుణ చున్నీ సర్దుకుని నిలబడింది.

"ఏమప్పా ఇమామ్! ముట్టుకున్న మెషిన్లో డేటా అంతా పోగొడతాడే, ఆ ప్రదీప్‌నే పంపమని చిలక్కి చెప్పినట్టు చెప్తే, పనొచ్చిన పిల్లను పంపినావేందప్పా!"